ఎకో గదిలో పసుపుతాడు

2007. ఏలూరులో ఒక గుండె డాక్టరు గారి క్లినిక్కులో నేను ఆయాగా చేరి అప్పటికి నాలుగేళ్ళయింది. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చర్చి టీచరమ్మ గారు రాసిపెడుతున్నారు. ఎకో పరీక్షలో ఏం చేస్తారో అని భయపడేవాళ్ళు చాలామంది. అందుకని ముందు అది చెబుతాను.

ఎకో అంటే గుండెకు తీసే స్కానింగు. సూది ఉండదు, కోత ఉండదు. మామూలు ఎకోకి పరగడుపున రానక్కర్లేదు. అయినా పరీక్ష అనగానే మంచినీళ్ళయినా తాగకుండా మొదటి బస్సుకు వచ్చేసి, బల్ల ఎక్కేసరికి కళ్ళు తిరిగేవాళ్ళుంటారు. ఎడమవైపుకు తిరిగి పడుకోవాలి. ఛాతీకి మూడు స్టిక్కర్లు అంటిస్తారు. ప్రోబ్ అని సబ్బుబిళ్ళంత పనిముట్టు ఉంటుంది. దానికి చల్లటి జెల్ రాసి పక్కటెముకల మధ్య ఆనిస్తారు. కొంచెం గట్టిగానే నొక్కుతారు. తెర మీద గుండె కనబడాలి కాబట్టి లైట్లు తీసేస్తారు. మధ్యలో మిషన్ పెద్దగా చప్పుడు చేస్తుంది, అది రక్తం పారే చప్పుడు. డాక్టరు గారు మాట్లాడకపోతే మన పని అయిపోయిందని కాదు, కొలతలు తీస్తున్నారని.

ఆడవాళ్ళను లోపలికి తీసుకెళ్ళి గౌను తొడగడం, అయ్యాక జెల్ తుడిచి పంపడం నా పని. ఇంకో పని కూడా ఉండేది. ఎడమవైపుకు తిరగ్గానే మెడలో సూత్రాలు జారి సరిగ్గా ప్రోబ్ పెట్టేచోటే పడతాయి. తీసెయ్యమంటే ఎవరూ తీయరు. అందుకని తాడు వెనక్కి తిప్పి, పరీక్ష అయ్యేదాకా వీపు వెనక పట్టుకుని నిలబడేదాన్ని.

ఒక శుక్రవారం కొల్లేటి లంకల నుంచి సత్యవతి అనే ఆమె వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతోందట. వెంటనే ఎకో తీయించమని భీమడోలు డాక్టరు రాసి పంపారు. భర్త బయట బెంచీ మీద ఉన్నాడు. ఆమెను పడుకోబెట్టి తాడు మీద చెయ్యి వెయ్యబోతే గుప్పిట బిగించేసింది.

“ఆగండి. ఏమనుకోకండేం. మీరు ముత్తయిదువేనాండీ? మొగుడు లేనోళ్ళ చెయ్యి దీనికి తగలకూడదని మా అత్త మరీ మరీ చెప్పి పంపిందండీ.”

నా మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న సిలువ. బొట్టు లేదు. నేను నోరు తెరిచేలోపే ఆమే అంది. “ఓ, మీరు చర్చికెళ్ళేవాళ్ళా! మీలో ఆయన ఉన్నా బొట్టు పెట్టుకోరు కదండీ.”

“ఏమ్మా, మొదలుపెట్టనా, వెళ్ళిపోతావా? బయట ఇంకా పదిమంది ఉన్నారు” అన్నారు డాక్టరు గారు.

ఆమె మోచేతి మీద సగం లేచింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇప్పుడు వెళ్ళిపోతే మళ్ళీ రాదు.

“ఉన్నారమ్మా. పడుకో” అన్నాను.

మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో బస్తాలు మోసేవారు. ఒక సాయంత్రం గుండెల్లో మంటగా ఉందన్నారు. గ్యాసేలే అని సోడా తాగి పడుకున్నారు. మళ్ళీ లేవలేదు. మాకు పిల్లల్లేరు.

సత్యవతి తాడు నా చేతికిచ్చింది. పసుపుతాడు, రెండు పుస్తెలు, నాలుగు పిన్నీసులు. ఆమె ఒంటి వేడికి వెచ్చగా ఉంది. భయం తెలియకుండా ఉండాలనేమో, ఏదో ఒకటి అడుగుతూనే ఉంది.

“మీ ఆయన ఏం చేస్తారండీ?”

“మిల్లులో పని.”

“బాగా చూసుకుంటారా?”

“చూసుకుంటారు. కూరలో కారం చాలకపోతే మాత్రం కంచం తోసేస్తారు.”

“మా ఆయనకైతే ఉప్పండీ” అని నవ్వింది.

“నవ్వకమ్మా, బొమ్మ కదులుతోంది” అన్నారు డాక్టరు గారు.

మిషన్ చప్పుడు మొదలైంది. “అదేంటండీ, తెడ్డేసినట్టుంది?” అంది.

“నీ రక్తమేనమ్మా.”

ఆ ఇరవై నిమిషాలూ మా ఆయన బతికే ఉన్నారు. ఆయన గురించి నన్ను అంతసేపు అడిగినవాళ్ళు ఆరేళ్ళలో ఎవరూ లేరు. లైట్లు వేశాక కూడా తాడు వదలబుద్ధి కాలేదు.

గుండెలో ఒక వాల్వ్, అంటే తలుపులాంటిది, సరిగ్గా తెరుచుకోవడం లేదన్నారు. విజయవాడ పంపారు. అక్కడ తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, బెలూన్‌తో ఆ తలుపు తెరిచారట. రెండు నెలలకు మళ్ళీ ఎకోకి వచ్చింది. మెట్లన్నీ ఎక్కడా ఆగకుండా ఎక్కింది. చేతిలో రొయ్యల పచ్చడి సీసా.

“మీ ఆయనకండీ. కారం దట్టించాను. బాగోకపోతే కంచంతోపాటు సీసా కూడా తోసెయ్యమనండి.”

తీసుకుని ఊరుకోవచ్చు. నా వల్ల కాలేదు. “ఆయన లేరమ్మా. నువ్వు అడిగిన రోజుకే ఆరేళ్ళయింది” అన్నాను.

ఆమె చెయ్యి తాడు మీదికి పోయింది. తలుపు సందులోంచి బెంచీ మీద కూర్చున్న భర్తను చూసుకుంది. “ఆ రోజు చెప్పుంటే లేచెళ్ళిపోదునండీ” అంది. కోపంతో అందో, ఎలా అందో నాకు తెలియలేదు.

గౌను తొడుక్కుంది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. తాడు తానే వెనక్కి తిప్పుకుంది. దానికున్న పిన్నీసొకటి తీసి, ఆ తాడును గౌను భుజానికి గుచ్చేసింది. ఎడమవైపుకు తిరిగి పడుకుంది. తాడు జారలేదు. ఇంత చిన్న ఉపాయం నాలుగేళ్ళలో నాకు తోచలేదు.

వెళ్ళేటప్పుడు సీసా స్టూలు మీదే ఉంచింది. “మీరే తినండి. ఒక్కరికైతే నెల వస్తాదండీ” అంది.

నెల వచ్చింది. కారం ఎక్కువే. ఆయనైతే కంచం తోసేవారు కాదు.

అప్పటి నుంచి ఏ ఆడమనిషి వచ్చినా ముందే చెప్పేస్తాను, “మా ఆయన లేరండీ. తాడు మీరే తిప్పుకోండి, ఇదిగో పిన్నీసు” అని. ఇంతవరకు ఎవరూ లేచి వెళ్ళలేదు. ఆ రోజు నా అబద్ధం ఒక మనిషిని బల్ల మీద ఉంచిన మాట నిజమే. కానీ ఒక పిన్నీసుతోనూ ఆ పని అయ్యేదని సత్యవతి వల్లే తెలుసుకున్నాను. ఇప్పుడు లైట్లు తీసేశాక నాకు పనేమీ ఉండదు. గోడకు ఆనుకుని, ఎవరిదో రక్తం పారే చప్పుడు వింటూ, ఖాళీ చేతులతో నిలబడతాను. మీ ఆయన ఏం చేస్తారండీ అని ఎవరూ అడగరు.