పడని రోజులు

నా తమ్ముడి వైద్యం మధ్యలో ఆగిపోవడానికి కారణమైన కాగితం మీద రాత నాది. వేలెత్తి చూపడానికి వేరేవాళ్ళు లేకపోలేదు. వాళ్ళ సంగతీ చెబుతాను, ఊరుకోను. కానీ బాల్ పెన్నుతో సున్నా, సున్నా, సున్నా అని వరసగా వేసింది మాత్రం నేను.

నేను నాలుగో తరగతి దాటలేదు. సిరిసిల్ల వైపు నుంచి పదిహేడో ఏట సూరత్ వచ్చి నలభై ఏళ్ళకు పైగా సాంచెలు నడిపాను. మరమగ్గాలను మా వాళ్ళు సాంచెలంటారు. హిందీ గోడల మీది రాతలు చూసి నేర్చుకున్నాను, గుజరాతీ దుకాణాల బోర్డులు చూసి. ఇంగ్లీషు, అట్ట ఊడిన పాత నిఘంటువు ఒకటి కొనుక్కుని. పెద్ద చదువులవాడు చెప్పాడు కదా అని దేన్నీ ఊరికే నమ్మలేదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, కాకపోతే మునుపటంత లేదు.

తమ్ముడు నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. నా వెనకే వచ్చి, నా పక్క సాంచెల మీదే పని నేర్చుకున్నాడు. సూరత్ శివారు డిండోలిలో మా గదులు పక్కపక్కనే. ముప్పై ఏళ్ళ చప్పుడుకు అతని చెవులు మందగించాయి. ఏది చెప్పినా అరిచి చెప్పాలి. నెమ్మదైన మనిషి. నాలాగా కోపిష్టి కాదు.

మొదటి లాక్‌డౌన్‌లో కార్ఖానాలన్నీ మూతపడ్డాయి. రెండు నెలలు గదిలో కూర్చున్నాడు. మళ్ళీ తెరిచిన రోజు టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళి, గేటు దగ్గరే కూలబడ్డాడు. సాంచెల అదురు కాళ్ళలోంచి ఎక్కి గుండెను పట్టేసుకుందన్నాడు. గుండె జబ్బేమోనని పరిగెత్తాం. పరీక్షలన్నీ బాగున్నాయి. "గ్యాస్" అన్నాడొక డాక్టరు. మర్నాడు మళ్ళీ అదే. ఆ తర్వాత వెళ్ళడం మానలేదు గాని, సగం పూటకే చెమటలు కారుతూ ఇంటికొచ్చేసేవాడు. కొన్ని రోజులైతే అసలు వెళ్ళలేకపోయేవాడు.

ఒక ధర్మాసుపత్రి వాళ్ళు ఫోన్లో మనసు వైద్యం చేస్తున్నారంటే పేరు రాయించాను. మొదట దొరికినాయన ప్రతి వారం ఒకటే మాట: మంచి ఆలోచనలు చేయండి, గాలి గట్టిగా పీల్చండి. మూడు వారాలు విన్నాను. నాలుగో వారం ఫోన్ నేనే తీసుకున్నాను.

"సాబ్, పోగు తెగితే సాంచె ఆపి ముడి వేస్తాం. దారానికి ధైర్యం చెబుతామా?" అన్నాను హిందీలో.

ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ మంటతోనే చదవడం మొదలుపెట్టాను. ఫోన్లో వెతికి, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో పేజీకి ఒక్కో రోజు. ఆలోచననూ నడతనూ కలిపి సరిచేసే వైద్యం ఒకటుందనీ, దాన్ని సీబీటీ అంటారనీ తెలిసింది. భయపడే చోటికి మెల్లమెల్లగా వెళ్ళి, భయం దిగేదాకా అక్కడే నిలబడటం అందులో ముఖ్యమైన పని. పరిశోధనలు ఆ పనికే ఎక్కువ సాక్ష్యం చెబుతున్నా, చాలామంది వైద్యులు దాన్ని వదిలేసి కబుర్లతో సరిపెడతారట! ఇంకొక మాట కూడా చదివాను. రోగి బాగుపడుతున్నాడా లేదా అని వైద్యుడు తన అంచనా మీదే ఆధారపడితే తరచుగా పొరబడతాడట. ప్రతి వారం ప్రశ్నల కాగితం నింపించి, అంకెలు చూసుకుంటూ పోతే, దిగజారిపోతున్న రోగి ముందే కంటపడతాడట.

నాకు ప్రాణం లేచి వచ్చింది. మేము నేసిన బట్టను బాగుందని మేం చెబితే ఎవరైనా ఒప్పుకుంటారా? బల్ల మీద పరిచి, వెలుతురుకు పట్టి, మీటరు మీటరు చూస్తారు. మరి వైద్యుడి పనికి ఆ బల్ల ఎందుకు ఉండకూడదు? ఈ మాటే ఆసుపత్రికి ఫోన్ చేసి గట్టిగా అడిగాను. మూడుసార్లు అడిగాక మనిషిని మార్చారు.

వచ్చినామె గుజరాతీ అమ్మాయి, ముప్పై లోపే ఉంటుంది. నన్ను "కాకా" అనేది, నేను మేడం అనేవాణ్ణి. నేను చదివినవన్నీ చెబితే విసుక్కోలేదు. "అవును కాకా, కాగితం ప్రతి వారం నింపుదాం. నా కళ్ళను నేనే పూర్తిగా నమ్మను," అంది. అలాంటి మాట ఏ వైద్యుడి నోటా నేను వినలేదు.

బుధవారం పదకొండింటికి ఫోన్. తమ్ముడికి హిందీ అంతంతమాత్రం, వినికిడి అంతకంటే తక్కువ. ఆమె అడిగింది నేను తెలుగులో అరిచేవాణ్ణి. అతను చెప్పింది కాగితం మీద వేసేవాణ్ణి. గోడలు పలచన. మనసులో మాట అడగడానికి అంతకన్నా చెడ్డ పద్ధతి లోకంలో ఉండదు.

"తమ్మీ! పోయిన రెండు వారాలల్ల ఎన్ని రోజులు దిగులుగ అనిపిచ్చింది?"

పక్క గదిలోంచి ఒక గొంతు: "నాకు గూడ అనిపిస్తుందే కాకా, జర నా పేరు గూడ రాస్కో!"

చుట్టుపక్కల గదుల్లో అందరూ నవ్వారు. తమ్ముడికి వినపడక నా ముఖంలోకి చూసి, తనూ నవ్వాడు.

"గుండె దడదడ కొట్టుకునుడు ఎన్ని రోజులు?"

"ఆరన్నా. ఆరిట్ల ఆరు."

పద్నాలుగింట్లో ఆరు, అంటే సగం లోపే. కాగితం లెక్కలో అసలు లేకపోతే సున్నా, సగం లోపైతే ఒకటి, ఆపైన రెండు, మూడు. ఒకటి అంకె వేశాను. "ఆరిట్ల ఆరు" అన్న ముక్క ఏమిటని అప్పుడు నేను ఆగి అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పనికి పోలేకపోయిన రోజుల్లో మేడం చెప్పినట్టే మెట్లు మెట్లుగా నడిచింది వైద్యం. మొదటి వారం కార్ఖానా సందు మొదట్లో నిలబడటం. తర్వాత గేటు. ఆ తర్వాత లోపల, ఆగి ఉన్న సాంచె పక్కన స్టూలు మీద. నేను వెంట వెళ్ళేవాణ్ణి. ఒకనాడు గేటు దగ్గర వణుకుతూ నిలబడి, నిలబడి, వణుకు దానంతటదే తగ్గాక నావైపు తిరిగి, "పోయిందన్నా," అన్నాడు. ఆ ముఖం నేను మరిచిపోను. సంక్రాంతి దాటేసరికి పూర్తి పూట పని చేసి వచ్చిన రోజులున్నాయి. అతని భార్య, నా మరదలు, అతని డబ్బా తెరిచి చూపించేది నాకు, చూడు బావా, అంతా తిన్నాడు అని.

ఆ మీదట కరోనా రెండో విడత వచ్చి పడింది. కూలీలు సగం మంది ఊళ్ళకు పోయారు. తమ్ముడి యజమాని సాంచెలు బంద్ పెట్టాడు. ఆ రెండు నెలలు సూరత్ ఎలా ఉందో నేను రాయను. అంబులెన్సు చప్పుడు తమ్ముడికి వినపడకపోవడమే మేలనుకునేవాళ్ళం. అతను మాత్రం గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండేవాడు.

బుధవారం ఫోన్ మాత్రం ఆగలేదు.

"దిగులు ఎన్ని రోజులు తమ్మీ?"

"లెవ్వన్నా."

"గుండె దడ?"

"లెవ్వు."

"నిద్ర పట్టనియి?"

"రోజులే లెవ్వన్నా."

సున్నా, సున్నా, సున్నా. మరుసటి వారం అంతే. నాలుగు వారాలు అంతే. నా ఛాతీ ఉప్పొంగింది. ఎంత మూర్ఖుణ్ణంటే, ఆ కాగితాలను వరసగా పేర్చి గోడకు అంటించాను.

మరదలు మాత్రం ఒప్పుకోలేదు. "ఏం మంచిగైండు బావా? తానం గూడ జేస్తలేడు. పిలిస్తె పలుకుతలేడు."

"వినపడక పలుకుతలేడు."

"ముప్పై ఏండ్ల సంది జేస్తున్న కాపురం. వినపడకపోవుడేందో, పలకకపోవుడేందో నాకు ఎర్కలేదా?"

"నీ కండ్లకంటె లెక్క గట్టిది," అన్నాను. అచ్చంగా ఆ మాటే అన్నాను. ఆమె చీపురు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

నాలుగో వారం మేడం అడిగింది. "కాకా, అంకెలు చాలా బాగున్నాయి. కానీ ఇంట్లో మీకు కనపడేదానికీ వీటికీ పొంతన కుదురుతోందా? అది కూడా అడగాలి నేను." బయట ఆమె కోసం ఎంతమంది వరసలో ఉన్నారో నాకు తెలుసు. ఆ రోజుల్లో మనసు చెదరనివాడెవడు? అయినా ఆమె ఆగి అడిగింది.

"కుదురుతోంది మేడం. కాగితం అబద్ధం చెప్పదు," అన్నాను.

మరదలు గుమ్మంలోనే ఉంది. ఫోన్ ఆమె చేతికి ఇచ్చినా అయిపోయేది. ఇవ్వలేదు. నయమైందని ఫైలు మూసేశారు.

సాంచెలు మళ్ళీ మొదలయ్యాయి. పిలుపొచ్చింది. తమ్ముడు లేవలేదు. రెండోనాడు లేపబోతే దుప్పటి పట్టుకుని వణికాడు, గేటు దగ్గర మొదటిసారి వణికినదానికంటే ఎక్కువగా. నాకు అర్థం కాలేదు. గోడ మీది కాగితాలు చూపించి అరిచాను.

"నెల సంది ఒక్క రోజు గూడ లేదంటివి గదరా! ఇప్పుడు గిదేంది?"

అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "రోజులు యాడియన్నా? సాంచెలు బంద్ ఉండె గద. రోజులు పడితె గద చెప్తందుకు."

అప్పుడు అర్థమైంది నాకు.

నలభై ఏళ్ళు నేనూ అలాగే మాట్లాడాను. సాంచె నడిస్తే, హాజరీ పడితే, అది రోజు. నడవకపోతే అది ఖాళీ. ఈ పక్షం ఎన్ని రోజులు పడ్డయిరా అంటే, తొమ్మిది పడ్డయి అంటాం. మిగతా వాటిలో మేము తిన్నాం, తిరిగాం, జ్వరం పడ్డాం. అవి రోజులు కావు. "ఆరిట్ల ఆరు", అంటే ఆరింట్లో ఆరూ అని అతను మొదట్లోనే చెప్పాడు, పనికి పోయిన ప్రతి రోజూ గుండె దడ వచ్చిందని. నేను సగం లోపు అని రాశాను. ఎంత ఇంగ్లీషు వెలగబెట్టాను! మా ఇంటి మాట నాకు వినపడలేదు.

"మరి ఆ ఖాళీలల్ల ఎట్లుండెరా?" అని అడిగాను, అరవకుండా. పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు.

"అడగకన్నా," అన్నాడు.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎవరో మగగొంతు, ఫైలు మూసేశాం, మళ్ళీ కొత్తగా పేరు రాయించుకోండి, వరసలో రండి అంది. జరిగింది చెప్పాను. "ఆ ఫారం ఎందరి మీదనో పరీక్షించి తయారుచేసింది, పెద్దాయనా," అన్నాడు. పరీక్షించినవాళ్ళలో ఎందరు సాంచెలు నడిపారని అడిగాను. ఫోన్ పెట్టేశాడు. మేడంను వేరే పనికి వేశారని తర్వాత తెలిసింది. పది రోజులు వెంటబడి ఆమెను పట్టుకున్నాను.

జరిగిందంతా చెప్పాను. "రోజంటే మీకేమిటో నేను అడగలేదు కాకా," అంది.

"అది ఏ పుస్తకంలోనూ లేదు గదా మేడం."

"అడగమని ఉంది. అంకె వచ్చాక దాని గురించి రోగితో మాట్లాడమనే ఉంది. ఆయనతో కాకుండా మీతో మాట్లాడాను." ఇకముందు సోమవారం ఎలా గడిచింది, మంగళవారం ఎలా గడిచింది అని వారాల పేర్లతో అడుగుతానని, తోటివాళ్ళకూ చెబుతానని అంది. సంతోషమే. ఎవరికో పనికొస్తుంది. ఫోన్లో కాదు, ఈసారి ఎదురుగా చూస్తాను, తీసుకురండి అని ఒక ఉదయం పదింటికి సమయం ఇచ్చింది.

తమ్ముణ్ణి ఒప్పించడానికి మరదలికి వారం పట్టింది. ఆటో ఎక్కాం. సన్నగా వాన. ఉధనా దాటాక బండ్లు ఆగిపోయాయి, ముందూ వెనకా లారీలు. తమ్ముడు ఆటో కడ్డీ పట్టుకున్నాడు. వేళ్ళు తెల్లబడ్డాయి.

"దిగుతన్నా."

"జర ఆగు తమ్మీ. అదే తగ్గుతది. గేటు కాడ తగ్గలేదా?"

"దిగుతా. నీ కాళ్ళు మొక్కుత అన్నా, దింపు."

ఇప్పుడు దిగితే ఏమవుతుందో నాకు తెలుసు. దిగిన ప్రతిసారీ భయం బలుస్తుంది, ఉండిపోతే కరుగుతుంది. ఎన్ని పేజీల్లో చదివాను, ఎన్నిసార్లు కాగితం మీద రాసుకున్నాను! పక్కన కూర్చున్నవాడు ఏం చేయాలో, ఏ మాట అనాలో, ఏది అనకూడదో కూడా చదివాను. అతని దవడ కొట్టుకుంటోంది. అన్నా అన్నా అంటున్నాడు.

"భాయ్, బాజూ మే రోకో," అంటూ పక్కకు ఆపమన్నాను డ్రైవరును.

దిగి, మూసి ఉన్న దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు. రెండు నిమిషాల్లో ఊపిరి కుదుటపడింది, ముఖంలో రంగు తిరిగొచ్చింది. ఆ ఊరట ఏమిటో తెలిసినవాణ్ణి కాబట్టి దానివైపు చూడలేకపోయాను. ఇంటికి నడిచే పోదాం అన్నాడు. సరే అన్నాను. పదింటికి ఎదురుచూసే మనిషికి రావడం లేదని చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో తోచక, ఫోన్ జేబులోంచి తీయకుండానే, ఆ వానలో అతని వెనకాల డిండోలి దాకా నడిచాను.