కుంకుమ అంటిన ఫ్లాపీ

ఎనభై అయిదులో తట్టాంచావడిలోని ఒక దారం ఫ్యాక్టరీలో, కంప్యూటర్ గదిలో నేను ఆయాగా ఉండేదాన్ని. మా ఆయన అక్కడే పని చేస్తూ చనిపోయాడు, బదులుగా నాకు ఈ పని ఇచ్చారు. పంచ్ కార్డులని బెజ్జాలు కొట్టిన అట్టముక్కలుంటాయి. ఆ బెజ్జాలను మిషన్ చదువుకుంటుంది. వాటిని వరస చెడకుండా మోయడం నా పని. నాకు చదువు రాదు.

ఆ ఏడు స్క్రీన్ ఉన్న కొత్త కంప్యూటర్ వచ్చింది. దానికి కార్డులు అక్కర్లేదు, ఫ్లాపీ అనే నల్లటి పల్చటి అట్ట చాలు. ఏది ఉంచాలో తేల్చమని మేనేజర్ ఇద్దరు ప్రోగ్రామర్లను అడిగాడు. పెద్దాయన వరదరాజులు కార్డులే అన్నాడు, చిన్నవాడు మురళి కొత్తదే అన్నాడు. కార్డులు పోతే నా కూడు పోతుంది.

"నీ ఫ్లాపీకి దుమ్ము తగిలితే జలుబు చేస్తాదంట గదరా."

"మీ కార్డులు తిని చెదలకే అరగడంలేదు సార్."

ఆయుధపూజకు కార్డుల కట్టకు ఏటా గంధం, కుంకుమ పెట్టేవాళ్లు. పైన ఉత్త కార్డు ఉంచేవాళ్లు కాబట్టి ఏమీ అయ్యేది కాదు. ఈసారి మురళి నూలు స్టాకంతా ఎక్కించిన ఫ్లాపీకి తన చేత్తోనే బొట్టు పెట్టాడు. "కొత్తదానికి మాత్రం సామి వద్దా అక్కా?" అన్నాడు. పక్కన హారతి పట్టింది వరదరాజులే.

సెలవు తర్వాత ఫ్లాపీ పని చేయలేదు. గంధం తడికి కుంకుమ లోపలికి దిగి స్టాక్ లెక్కంతా పోయింది.

"ఏంది ఇది? ఎవురు పెట్టింది?" అన్నాడు మేనేజర్.

"ఆయమ్మ సార్," అన్నాడు మురళి.

నేను వరదరాజులు వైపు చూశాను. ఆయన నన్ను చూడకుండా, "అందుకే చెప్తాండా సార్, మనకు కార్డులే మేలు," అన్నాడు.

"మురళి సారే పెట్టినాడు సార్," అన్నాను.

"ముట్టొద్దని కవరు మీదే ఇంగ్లీషులో రాసుండాదమ్మా. చదువుకున్నోడు పెడతాడా?" అన్నాడు మేనేజర్.

ఆయా తప్పుకు మిషన్‌ను అనకూడదని మేనేజర్ కొత్తదాన్నే ఉంచాడు. కార్డులు బాయిలర్లో పడ్డాయి. వరదరాజులు మురళి పక్కన కూర్చుని ఫ్లాపీ నేర్చుకున్నాడు. నన్ను మాన్పించారు.

పాతదా కొత్తదా అని కొట్లాడుకునేవాళ్లు శత్రువులని అనుకునేదాన్ని. తప్పు ఎవరి నెత్తిన వేయాలో వాళ్లకు నిమిషంలో మాట కలిసింది. తర్వాత మూలకుళంలో ఒక ఇంట వంటకు కుదిరాను. వాళ్లు మిక్సీ తెచ్చిన రోజున ముందే అడిగాను, "ఇది కాలిపోతే ఎవురిని అంటారమ్మా?" అని. ఆమె నవ్వింది. నేను రోట్లోనే రుబ్బాను.