దుప్పటికి నాలుగు కొసలు

తూనీగ అసలు పేరు ఆ లాండ్రీలో ఎవరికీ గుర్తులేదు. పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికే చోటు అది. అక్కడి ఆడవాళ్లకో హాకీ జట్టుంది, అందులో గోల్స్ కొట్టేది ఈవిడే. బక్కపలచని మనిషి, ఒక్కచోట నిలవదు, అందుకే ఆ పేరు. ఏటేటా కొట్టీ కొట్టీ అదంతా తన గొప్పేనని నమ్మేసింది. నమ్మదూ మరి! చుట్టూ అందరూ ఆకాశానికెత్తేస్తుంటే ఎవరి కాళ్లు మాత్రం నేల మీద ఆనుతాయి?

నిజానికి బంతి అందించేది వదిన. అన్న పెళ్లాం. కాపురానికొస్తూ పెట్టెతో పాటు హాకీ కర్ర తెచ్చుకున్న మనిషి. కోడలు కర్ర పట్టుకునే దిగింది, ఇక అత్తగారి పని అయినట్టేనని చుట్టాలు నవ్వారు. ఆ కర్ర అత్తగారి మీద లేవలేదుగాని, ఆడపడుచుని మాత్రం మైదానానికి తోలింది. పనిలోనూ ఇద్దరూ జోడీయే. చెరో రెండు కొసలు పట్టుకుని దుప్పటి విదిలిస్తారు, దగ్గరికొచ్చి కొసలు కలిపేస్తారు, మడత పడిపోతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సిన పనే లేదు. నోళ్లు ఊళ్లో కబుర్లన్నీ చెప్పుకుంటుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. మైదానంలోనూ అంతే. తూనీగ తల తిప్పకుండా పరుగెత్తేది, బంతి వచ్చి కర్రకి తగిలేది.

ఈసారి వదిన మోకాలు వాచింది. జట్టుకి కోచ్ బాయిలర్ దగ్గర పనిచేసే బాబాయ్. ఆయన వదినను కూర్చోబెట్టి, ఇస్త్రీ దగ్గర కొత్తగా చేరిన పిల్లను తూనీగ పక్కన ఆడించాడు. అంతే, గోల్స్ ఎండిపోయాయి. తూనీగ వెళ్లేసరికి బంతి రాదు, బంతి వచ్చేసరికి తూనీగ ఉండదు. ప్రతి మ్యాచ్ తర్వాతా ఇంటికొచ్చి ఆ పిల్ల తప్పులు ఏకరువు పెట్టేది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస, అని కన్నతల్లే అనేసింది. బాబాయ్ కూడా నాన్చలేదు. సెమీఫైనల్లోనూ ఇలాగే ఆడితే ఫైనల్లో బయట కూర్చోమన్నాడు. బయట కూర్చుంటే తూనీగకి ఇంకేం మిగిలినట్టు? వారమంతా ఆ ఆవిరిలో ఉడికేది ఆ మైదానం కోసమే కదా.

వదిన ఓదారుస్తుందనుకుంది. ఆవిడేమో సూపర్‌వైజర్ని అడిగి, దుప్పట్ల దగ్గర తన చోట కొత్తపిల్లను వేయించింది. తను తలగడ గలీబులు మడిచే చోటికి మారి, కుర్చీ వేసుకు కూర్చుంది. పుండు మీద కారం చల్లడమంటే ఇదేననుకుని తూనీగ మూతి ముడుచుకుంది.

మొదటి దుప్పటే నేలపాలైంది. తూనీగ ఎప్పట్లాగే విసురుగా ముందుకొచ్చేసింది, ఆ పిల్ల ఇంకా అంచు సరిచూసుకుంటోంది. రెండోదీ అంతే. కింద పడ్డవి మళ్లీ ఉతకాలి గనక, ఉతికేవాళ్లు అటునుంచి శాపనార్థాలు మొదలెట్టారు. తూనీగ ఆ పిల్ల మీద విరుచుకుపడబోతే, వదిన గలీబుల మీంచి తలెత్తకుండానే అడిగింది.

"దాని మొహం ఎప్పుడైనా చూశావుటే?"

"చూడ్డానికేముంది వదినా?"

"ఇన్నాళ్లూ నిన్ను చూస్తూ నేను ఆడాను. నీకు నన్ను చూసే అవసరమే రాలేదు. అలా పాడుచేసింది నేనే. ఇప్పుడు నువ్వు చూడు."

తూనీగకి చురుక్కుమంది. ఇన్నేళ్ల గోల్స్‌లో సగం ఎవరివో అప్పుడు తెలిసొచ్చి సిగ్గేసింది. తర్వాత కొసలు పట్టుకుని ఆ పిల్లను తేరిపార చూసింది. కదిలే ముందు ఆ పిల్ల ఎడమ భుజం కాస్త దించుతుంది. అది దిగాక అడుగేస్తే, దుప్పటి గాల్లోనే చక్కగా మడత పడింది. కొత్తపిల్ల నవ్వింది. ఆ పిల్ల నవ్వుతుందనే సంగతి కూడా తూనీగకి అప్పటిదాకా తెలియదు.

సెమీఫైనల్లో తూనీగ ఆ భుజం దిగేదాకా ఆగింది, దిగగానే దూసుకెళ్లింది. ఒక గోల్ కొట్టింది. ఇంకోసారి ఎదుటివాళ్లిద్దరూ తన మీదే పడితే, బంతిని కొత్తపిల్లకి తోసేసింది. దాన్ని ఆ పిల్ల గోల్ చేసింది. జట్టు ఫైనల్‌కి చేరింది, తూనీగ చోటూ నిలిచింది.

ఈలోగా వదిన మోకాలి వాపు తీసింది. ఫైనల్లో పక్కన ఎవరు కావాలని బాబాయ్ అందరి ముందే తూనీగని అడిగాడు. వదిన కర్ర తుడుచుకుంటూ ఎటో చూసింది.

"పక్కన ఈ పిల్లే ఉండనీ బాబాయ్."

వదిన చెయ్యి ఆగిపోయింది.

"వదినని వెనక వరసలో పెట్టు. అక్కడైతే పరుగు తక్కువ. ఆవిడ కాలు మందగించిందిగాని చెయ్యి కాదు. అక్కణ్ణుంచి మా ఇద్దరికీ బంతి అందిస్తుంది."

బాబాయ్ గడ్డం గోక్కుని సరేనన్నాడు. వదిన కళ్లు తుడుచుకుని, కోపం తెచ్చిపెట్టుకుంది.

"అందిస్తాలేగాని, నువ్వూ అప్పుడప్పుడు వెనక్కి చూడవే."

ఫైనల్ రోజు ఈల వేసే ముందు, ఎప్పుడూ తల తిప్పని తూనీగ వెనక్కి తిరిగింది. దూరంగా, వెనక వరసలో, వదిన అప్పటికే తనకేసి చూస్తూ ఉంది.