శ్రుతి తప్పిన ఆటపెట్టె

ఆ రోజుల్లో జేబులో చిల్లర లేకపోయినా, లోకంలోని ప్రతి వస్తువు ధర మీదా మాకు గట్టి అభిప్రాయాలుండేవి. మా మేనత్త కొడుకు, అంటే మా బావా, నేనూ శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఉద్యోగానికి కొత్తగా చేరి, ఒకే గదిలో ఉండేవాళ్లం. కొత్త గేమ్ కన్సోల్ ధర నలభై వేలకి పది రూపాయలే తక్కువని తెలిసిన రోజు, కంపెనీవాడు మమ్మల్ని అడక్కుండా తప్పు చేశాడని ఇద్దరం తీర్మానించాం. "అంత పోసి కొంటే ఆడ్డానికి ఒక్క సెయ్యే ఇస్తాడంట్రా! రెండో సెయ్యి వేరే, నిలబెట్టే పీట వేరే. భోజనానికి పిలిసి ఇస్తరాకు ఇంటికాడ్నుంచి తెచ్చుకోమన్నట్టున్నాది!" అని బావ మండిపడ్డాడు. (బొత్తాలు నొక్కే ఆ పరికరాన్ని మేం చెయ్యి అనే పిలిచేవాళ్లం.) అలా ఏడాదిపాటు తిట్టి, చివరికి అదే కొన్నాం.

కొన్నాక గుర్తొచ్చింది, మా గదిలో టీవీ లేదని. టీవీ ఉన్నది గజపతినగరంలో మా ఇంట్లో. ఆ ఇంట్లో సంగీతం మాస్టారైన మా నాన్న కూడా ఉన్నారు. ఆటల పెట్టె అని తెలిస్తే మర్నాడే దుకాణానికి తిప్పి పంపిస్తారు. శనివారం సాయంత్రం గుమ్మంలోనే "ఏట్రా అది?" అన్నారు. ఆయన పాత శ్రుతిపెట్టె ఆ మధ్యే పాడైంది. నా నోటికి అదే వచ్చింది.

"కొత్త రకం శ్రుతిపెట్టె నాన్నా. టీవీకి తగిలిస్తే పనిచేస్తాది."

నాన్న అట్టపెట్టెను తిప్పి తిప్పి చూశారు. "అయితే రేపు పొద్దున్న పిల్లల పాఠానికి పెట్టు" అన్నారు. బావ నాకు తొడపాశం పెట్టాడు.

ఆదివారం ఎనిమిదిమంది పిల్లలు బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. ఫోన్లో తంబూరా నాదం పెట్టి, ఆ ఫోన్‌ని టీవీ వెనక దాచాలని మా పథకం. తీరా ఫోన్లో చార్జింగ్ లేదు. పెట్టె మీట నొక్కితే అది ఏదో అప్‌డేట్ కావాలని మొరాయించి, లోపలి ఫ్యాను 'బుయ్య్' మని అందుకుంది. నాన్న కళ్లు మూసుకుని చెవి ఒగ్గారు.

"రెండు శ్రుతికి రవ్వంత కింద. అయినా నిలకడగానే ఉన్నాది. పాడండర్రా!"

బతికిపోయాం అనుకున్నాను. కానీ పెట్టె వేడెక్కేకొద్దీ ఫ్యాను శ్రుతి పెరుగుతోంది, నాన్న వదలకుండా దాని వెంటే పిల్లల్ని లాక్కెళ్తున్నారు. జంట వరుసల దగ్గరికి వచ్చేసరికి పాపం ఎవరికీ పై షడ్జం అందట్లేదు. వంటింట్లోంచి అమ్మ, "ఏటండీ, పిల్లల పీకలు గానీ పిసుకుతన్నారా?" అని కేకేసింది. సరిగ్గా అప్పుడే అప్‌డేట్ పూర్తయి, టీవీ నిండా బంతిని తన్నుతున్న ఆటగాడి బొమ్మ ప్రత్యక్షమైంది.

"మాస్టారూ, ఆటపెట్టె!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు. (ఆ పూటకి వాళ్ల శ్రుతి కలిసింది అక్కడే.) నేను చెవి మెలికకి సిద్ధపడి తల వంచాను.

నాన్న తీరిగ్గా కళ్లు తెరిచారు. "నిన్న అట్టమీద బొమ్మలు సూడలేదనుకున్నావేట్రా? నీ శ్రుతిపెట్టె ఎంతదాకా ఎక్కుతాదో సూద్దారనే పెట్టమన్నాను. అదలాగుండనీ, రెండో సెయ్యేదిరా?"

"అది విడిగా కొనాలి మావయ్యా" అని బావ గొణిగాడు.

"ఓరి మీ తెలివి తెల్లారా! అంత డబ్బోసి, ఇద్దరు కూకుని ఆడలేని పెట్టె తెస్తారేట్రా ఎవులైనా?"

ఆ పూట పాఠం అంతటితో సరి. ఉన్న ఒక్క చెయ్యీ నాన్న చేతిలోంచి మధ్యాహ్నం భోజనాలదాకా మాకు దక్కలేదు.

ఇది జరిగి పదేళ్లు దాటింది. కొత్త కన్సోల్ ధర విని అందరితో పాటు నేనూ ఫోన్లో తిట్టిపోశాను. పీట ఇప్పటికీ వేరేనట. మొన్న దాన్నే కొని ఇంటికి తీసుకెళ్తే నాన్న దానిమీదికి వంగి చెవి పెట్టి, "దీనికి శ్రుతే లేదేట్రా" అన్నారు దిగులుగా. ఫ్యాను చప్పుడు లేనందుకు దిగులు పడింది ఈ రాష్ట్రంలో మేమిద్దరమేనేమో. అప్పటి నా వెర్రిమొహం తలుచుకుని నవ్వుకుంటూ, సంచిలోంచి రెండో చెయ్యి తీసి ఆయనకిచ్చాను. ఈసారి పెట్టెకంటే ముందు కొన్నది అదే.