‘ఆయప్ప’ అనకూడని అంగడి

మొన్న మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సులో వస్తున్నాను. ఎవరి బుట్టలోనో టమోటాలు చితికి బస్సంతా పుల్లటి వాసన. ముందు సీట్లో ఒకావిడ తన కూతుర్ని కసురుతోంది. “ఆయప్ప కొనిచ్చిన సెప్పులే కావాల్నా నీకు? పారెయ్ ఈడ్నే!” ఆయప్ప అంటే మా వైపు పరాయి మగవాణ్ణి మర్యాదగా అనే మాట. ఆ పిల్ల ముఖం చూడగానే అది వాళ్ల నాన్న సంగతేనని తెలిసిపోయింది.

డెబ్బైల చివర్లో మా అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారు. అంతవరకు పుంగనూరులో కాపురం. తర్వాత అమ్మ మదనపల్లెలో పుట్టింటికి చేరి నర్సు ఉద్యోగం చూసుకుంది. నాన్న కుప్పంలో సైకిల్ షాపు పెట్టాడు. అమ్మకు నాన్న ‘ఆయప్ప’ అయ్యాడు, నాన్నకు అమ్మ ‘ఆయమ్మ’ అయింది. సెలవులొస్తే అమ్మ నన్ను పుంగనూరులో మా పాత ఇంటి పక్కనున్న బీబమ్మ గాజుల అంగడికి తెచ్చేది, నాన్న అక్కడి నుంచి తీసుకుపోయేవాడు. ఈ ఏర్పాటు కోర్టు చేసింది కాదు, పెద్దమనుషులూ చేయలేదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి తిట్టి బీబమ్మ చేసింది.

ఆమె తీయటి మనిషేం కాదు. గాజులు తొడిగేటప్పుడు చెయ్యి నలిపేసేది, ఏడిస్తే ఇంకా గట్టిగా పట్టుకునేది. ఒకరోజు నాన్న వచ్చే బస్సు ఆలస్యమై, “ఆయప్ప ఇంకా రాలేదా?” అన్నాను. ఇంట్లో విన్న మాటే నా నోట వచ్చింది. బీబమ్మ చేతిలో గాజులు పక్కన పెట్టింది.

“ఏ ఆయప్ప? పాలు పోసే ఆయప్పా, టపా తెచ్చే ఆయప్పా?”

“మా నాయన.”

“అట్ల సెప్పు. ఈ అంగట్లో ఆయప్పా లేదు, ఆయమ్మా లేదు. మీ అమ్మ, మీ నాయన. అంతే.”

ఆ కట్టడి అమ్మకూ నాన్నకూ కూడా పెట్టింది. ఒకసారి ఇద్దర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, “మీ కొట్లాట మీ వకీళ్ల దగ్గర పెట్టుకోండప్పా. ఈడ బిడ్డ మాట ఒకటే. దానికి ఏం పడదో సెప్పమ్మా” అంది. అమ్మ గోడకేసి చూస్తూ, “సల్ఫా మాత్రలు పడవు, దద్దుర్లు వస్తాయి” అంది. నాన్న కూడా గోడకేసే చూస్తూ “సరే” అన్నాడు. ఆ వేసవిలో కుప్పంలో నాకు జ్వరం వచ్చి, డాక్టరు మందు రాయబోతే నాన్న ఆపి ఆ మాటే చెప్పాడు. చిన్న సంగతే. నా గురించి ఇద్దరికీ తెలిసి ఉండటం ఎంత నిశ్చింతో నాకు అప్పుడు తెలిసింది. అమ్మ దగ్గర చదువు, శుభ్రం, భయం. నాన్న దగ్గర చేతులకు గ్రీజు, పంచర్లు, పగలబడి నవ్వడం. బడిలో ఎవరైనా “మీ నాయన లేడంట కదా” అంటే, “కుప్పంలో ఉండాడు” అని తలెత్తుకుని చెప్పేదాన్ని.

నేను పెద్దమనిషినైనప్పుడు మదనపల్లెలో మా మేనమామ వేడుక చేశాడు. నాన్నకు కబురు లేదు. బీబమ్మే చెప్పి వెంటబెట్టుకొచ్చింది. నాన్న చేతిలో పట్టు లంగా. మామ వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు.

“ఆయప్పను ఎవురు పిలిసినారు?”

నేను పీట మీది నుంచి లేచాను. “ఆయప్ప కాదు మామా, మా నాయన.”

అమ్మ తల వంచుకుని పసుపు కలుపుతూనే ఉంది. బీబమ్మ ఆమె ముందుకెళ్లింది. “నీ మొగుణ్ణి నువ్వు వదులుకుంటివి, అది నీ ఇష్టం. దాని నాయన్ని వదిలేసేదానికి నువ్వెవురమ్మా?” నాన్న లంగాను అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఎదిగిన పిల్లను ఇక నాన్న దగ్గరికి పంపేది లేదని మామ తేల్చేశాడు. “నీ మంచికే” అంది అమ్మ. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బీబమ్మ మళ్లీ మళ్లీ వచ్చి గుమ్మం బయట నిలబడి అరిచి పోయింది. కొన్నాళ్లకు ఆమె పోయిందని విన్నాను. నన్ను చూడటానికి కూడా పంపలేదు.

ఎనభైల చివర్లో నాన్న పోయాడని తెలిసి కుప్పం వెళ్లాను. అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది, మామనో అమ్మనో అడగనక్కర్లేదు. వాకిట్లో కూర్చున్న ముసలాయన మర్యాదగా లేచి, “ఎవురమ్మా నువ్వు?” అన్నాడు. కూతుర్నని చెప్పాను. ఆయన పక్కవాళ్లవైపు తిరిగి, “ఈయనకు కూతురుండాదా?” అని అడిగాడు.

నాన్న గురించి నాకు తెలిసినదంతా ఆ నాలుగైదు వేసవుల్లో తెలిసిందే. అవి బీబమ్మ ఇచ్చినవి. మిగతావి లాక్కున్నవాళ్లు పగవాళ్లు కారు, నన్ను ఎత్తుకుని పెంచినవాళ్లే. వాళ్ల మీద కోపం నాకు తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.