మా మామ చావు, నా లైఫ్ ట్యాక్స్

హిందూపురం నుంచి ధర్మవరానికి కారులో ఎంతసేపు పడుతుందో ఎవరినైనా అడగండి, గంటన్నర అంటారు. నాకు ఒక పూటంతా పట్టింది, అదీ చివరికి కారు లేకుండా. ఆ పూట నా నోటితో నేను చేసుకున్న నాశనం ఇది. నవ్వాలనిపిస్తే నవ్వండి. ఎవరెవరు నవ్వారో మాత్రం గుర్తుపెట్టుకుంటాను.

పొద్దున్నే ఫోను. ధర్మవరంలో మా ఖాసీం మామ, అంటే మా అమ్మకు ఒక్కగానొక్క అన్న, పోయాడు. మధ్యాహ్నం నమాజుకల్లా జనాజా లేపుతారు. మాలో ఆడవాళ్లు గోరీల దాకా పోరు. ఇంట్లోంచి ఎత్తేలోగా చూసుకుంటేనే చూసినట్టు. అమ్మ ఏడవలేదు. చెప్పులేసుకుని వచ్చి కారు వెనకసీట్లో కూర్చుంది. "మా అన్న మొగం సూపీయప్పా, అంతే సాలు" అంది.

ఆ కారు బెంగళూరులో సెకండ్ హ్యాండుకు కొన్నది. నంబరు కర్ణాటకది. మా ఊళ్లో అట్లాంటి బండ్లు కోకొల్లలు కాబట్టి, ఆంధ్రాలో మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి నంబరు మార్పించుకోవాలన్న బుద్ధి మూడేళ్లుగా నాకు పుట్టలేదు. మామ కొడుకు బాషాకు మాత్రం ఆ నంబరు పెద్ద పండగ. నేను కారు దిగితే చాలు, "ఏమబ్బా, కన్నడమాయప్ప వచ్చినాడే" అంటాడు. పెళ్లిళ్లలో అన్నాడు, పెద్దల ముందు అన్నాడు, ఒకసారి బిర్యానీ వడ్డిస్తూ అన్నాడు. అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

పెనుకొండ దగ్గర బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండ్లు ఆపుతున్నాడు. మా నంబరు చూశాడు, వెనక ముసలామెను చూశాడు. మంచివాడే పాపం, తప్పించుకునే దారి ఆయనే చూపించాడు.

"బెంగళూరు నుంచి వస్తాండారా?"

అవునంటే పొమ్మనేవాడు. అమ్మ వెనకనుంచి నా భుజం గిల్లింది కూడా. కానీ నా చెవికి వినిపించింది ఇన్‌స్పెక్టరు గొంతు కాదు, బాషా గొంతు.

"నేను కన్నడమోని మాదిరి కనపడతాండానా సార్? పక్కా హిందూపురం. ఈ బండి మూడేండ్లుగా ఆడే ఉండాది."

కోడి తనంతట తానే నడిచొచ్చి కత్తి కింద మెడ పెడితే కసాయి ఎట్లా చూస్తాడో, ఆయన నన్ను అట్లా చూశాడు.

"అయితే ఈడ లైఫ్ ట్యాక్స్ కట్టినారా?"

"ఒకసారే కడతారని గదా సార్ లైఫ్ అన్నారు. బెంగళూరులో కట్టేసినారు. బండి ఇంకా బతికే ఉండాది."

"అది కర్ణాటకలో లైఫప్పా. ఆంధ్రాకు వస్తే మళ్లా పుట్టినట్టే లెక్క."

"మాకు మరుజన్మ లేదు సార్."

పక్కనున్న హోంగార్డు కిసుక్కుమన్నాడు. దాంతో నేను కారు దిగాను. ఇక ఆగలేదు. టోల్‌గేటు ఏ రాష్ట్రం బండని అడిగి ఫాస్టాగ్‌లోంచి లాక్కుంటోందా అన్నాను. రోడ్డు మీద గుంత నంబరు చూసి పక్కకు తప్పుకుంటోందా అన్నాను. రూలు తెలుగులో చూపించమన్నాను. చూపించారు. అందులో అచ్చుతప్పు పట్టుకున్నాను. ఎండ నడినెత్తికొచ్చింది. చివరికి కారు సీజు చేసి బస్సు డిపోలో పెట్టిస్తామన్నారు. "దా అమ్మా, దిగు" అంటూ వెనక్కి తిరిగాను.

వెనకసీటు ఖాళీ.

"మీ యమ్మనా? ఎప్పుడో పాయ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అన్న సచ్చిపోయినాడు సార్, మావోడు ఇప్పట్లో నిలపడు అనె. మా జీపులో పంపిస్తి." సీజు కాగితం నా చేతిలో పెట్టి, "సావుకు పోతాండామని మొదట్లోనే ఒక్క మాట చెప్పుంటే మిమ్మల్ని గూడా ఇడిచిపెట్టుంటి గదప్పా" అన్నాడు.

రూలు చెప్పాను, హక్కు చెప్పాను, గుంతల సంగతి చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పలేదు.

బస్సెక్కి ధర్మవరం చేరేసరికి మగవాళ్లు మట్టి ఇచ్చి తిరిగొచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. బాషా నన్ను చూసి ఏమీ అనలేదు. అలా ఏమీ అనకపోవడాన్ని కూడా నేను మరిచిపోలేదు. లోపల అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"సూసినావామ్మా?"

"సూసినా," అంది. నా వైపు తిరక్కుండానే అడిగింది: "నువ్వు గెల్సినావా నాయనా?"

అందుకని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నడిరోడ్డు మీద ఎవరితో వాదనకు దిగినా, ఎక్కడికి పోతున్నానో ముందు చెబుతాను. ఆ తర్వాతే దిగుతాను.