ఉప్పు చూపించే వీరప్ప

వీరప్పకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తాను వండిన పప్పులో ఉప్పు సరిపోయిందని ఆయన జన్మలో నమ్మడు. జహీరాబాద్‌లో ఒక మఠం వంటశాల ఆయనది. రోజూ మధ్యాహ్నం మూడు వందల మందికి ఉచిత భోజనం. ఇరవై ఏళ్లుగా వండుతున్నా, గంట కొట్టే ముందు గరిటె పట్టుకుని గేటు దగ్గర కాపు కాసేవాడు.

"జర ఉప్పు సూసి పో అన్నా!"

"నాకు బీపీ ఉంది వీరప్పా."

"ఇంకా మంచిది. నీ నాలికకు జల్ది తెలుస్తది."

చూడటమంటే అరచేతిలో చుక్క వేసుకోవడం కాదు. "ఉత్త పప్పుల ఉప్పేం తెలుస్తది?" అంటూ విస్తరి నిండా అన్నం పెట్టేవాడు. అది అయ్యాక, "మొదటిసారి నాలిక మోసం చేస్తది" అని మళ్లీ వడ్డించేవాడు. న్యాల్‌కల్ వెళ్లాల్సిన ఆసామి ఒకడు ఉప్పు చూస్తూ చూస్తూ రెండు బస్సులు పోగొట్టుకున్నాడు.

డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తోచని శ్రుతి, తల్లి పోరు పడలేక, ఒక్క నెల అని చెప్పి అక్కడ సేవకు చేరింది. దేవుడి మీద తనకు నమ్మకం లేదని దేవుడికి తప్ప అందరికీ చెప్పింది. కొలతల మీద మాత్రం గట్టి నమ్మకం. వారం తిరక్కుండా ఇంత పప్పుకు ఇన్ని గ్లాసుల ఉప్పు అని రాసి గోడకు అతికించింది.

"ఇగ ఎవ్వర్ని పిలువకు తాతా. కొలత తప్పది."

మఠం పెద్దలూ అదే మాటన్నారు. వీరప్ప గేటు వదిలేశాడు. నాలుగు రోజులు పప్పు అమృతంలా ఉంది. వీరప్ప ముఖమే చప్పబడింది.

ఐదో రోజు కొత్తిమీర కోసం బజారుకెళ్లిన శ్రుతికి దర్జీ సాయన్న తన దుకాణం మెట్ల మీద కనిపించాడు. మొన్నటిదాకా రోజూ ఉప్పు చూసిపోయిన మనిషే. ఇస్త్రీ చొక్కా, మెడదాకా గుండీలు. లోపల మిషన్ మీద దుమ్ము. నీళ్లలో ముంచుకుని తింటున్న బన్ను ఆమెను చూడగానే దాచేశాడు.

"కాకా, మఠానికి వస్తలేవేంది?"

"వాళ్లంత తినెటందుకు వస్తరు బిడ్డా. నేను ఉప్పు సూసెటందుకు వస్తుంటి. ఇప్పుడు నాతోని పనేమున్నది?"

శ్రుతి గబగబా మఠానికి వచ్చింది. "తాతా, నిజం చెప్పు. ఉప్పు నీకు తెలుస్తది గద?"

"ఉడుకుతున్న వాసనతోనే తెలుస్తది."

"మరి నేను కొలత రాసిన దినమే నాకెందుకు చెప్పలే?"

"చెప్తే పేర్లు చెప్పాలె. అన్నం లేదని వాళ్లే చెప్పుకుంటలేరు. నేనెట్ల చెప్త?"

శ్రుతి గరిటె అందుకుంది. మఠంలోని గుడి గడప దగ్గర కాళ్లు వాటంతటవే ఆగాయి. 'ఆయన రావాలె, అంతే' అనుకుంది. తాను మొక్కుకుందని ఆమెకు రోడ్డు మీదికి వచ్చాక గానీ తట్టలేదు.

"సాయన్న కాకా! ఇయ్యాల నేను వండిన. ఉప్పు సంగతి సమజైతలేదు. జర రా!"

సాయన్న చొక్కా సర్దుకుని, పనున్నవాడిలా లేచాడు.

విస్తరి ముందు కూర్చుని నిదానంగా తిన్నాడు. రెండోసారి కూడా కలుపుకున్నాడు. గరిటెతో ఎదురుగా నిలబడ్డ శ్రుతికి తీర్పు చెప్పాడు.

"పప్పుల సరిపోయింది. చారు సంగతి రేపు సూడాలె. నువ్వుంటవ గద?"

"ఉంట కాకా," అంది శ్రుతి. వీరప్ప అప్పటికే ఆయన విస్తరిలో మూడోసారి అన్నం కుమ్మరిస్తున్నాడు.